కొలతల పుస్తకంలో నా పేజీ: వంద రోజుల యోగా డైరీ

జనవరి 20, 2025 (1వ రోజు)

సంక్రాంతి బట్టలన్నీ ఇచ్చేశాక, మాఘమాసం పెళ్ళి జాకెట్లు మొదలయ్యేదాకా షాపులో కొన్నాళ్ళు ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో ఇవాళ వంద రోజుల యోగా మొదలుపెట్టాను. రాజమండ్రిలో ఇరవై రెండేళ్ళుగా కుట్టుపని చేస్తున్నాను, వయసు 46. మామూలు రోజుల్లో ఎనిమిది తొమ్మిది గంటలు, సీజన్‌లో పన్నెండు గంటలు మిషను మీదే. మెడ ముందుకి, భుజాలు లోపలికి, కుడికాలు ఎప్పుడూ మోటారు పెడలు మీద. పోయిన నెల కటింగు చేస్తుంటే కత్తెర జారింది, తీద్దామని వంగితే నడుము పట్టేసింది. మా అమ్మాయి వచ్చి పట్టుకునేదాకా టేబులు అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ పదినిమిషాల భయం ఇంకా పోలేదు. చేతులూ నడుమూ బాగుంటేనే మా ఇల్లు నడుస్తుంది.

ఇన్నేళ్ళలో కొన్ని వేలమందికి కొలతలు తీసి పుస్తకంలో రాశాను గానీ నాకంటూ ఒక పేజీ లేదు. ఇవాళ రాసుకున్నాను. ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 71.4 కిలోలు. లెక్కేస్తే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు తగ్గట్టుందో లేదో చూసే లెక్క, 29.7. మన దేశంలో వాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. బొడ్డు దగ్గర నడుము 38 అంగుళాలు. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు.

ఇవి అందరూ తీసుకునే కొలతలే. నాకు కావలసినవి ఇంకొన్ని ఉన్నాయి. కాళ్ళు చాపి కూర్చుని ముందుకి వంగితే నా మధ్యవేలి కొసకీ కాలి బొటనవేలికీ మధ్య ఎంత దూరం? 9 అంగుళాలు. ఒక చెయ్యి పైనుంచి, ఒకటి కిందనుంచి వీపు వెనకకి తెస్తే రెండు చేతుల వేళ్ళ మధ్య ఎంత? కుడి చెయ్యి పైన ఉంటే 7, ఎడమ పైన ఉంటే 9. ఎడమకాలి మీద వృక్షాసనంలో ఎంతసేపు నిలబడగలను? 6 సెకన్లు. ఈ కొలతలు టేపు పట్టి మా అమ్మాయే తీసింది. వంద రోజుల తరవాత కూడా తనే తీస్తానంది.

జనవరి 22 (3వ రోజు)

తొడల వెనక నొప్పి. మెట్లు దిగుతుంటే తెలుస్తోంది. పరవాలేదు.

జనవరి 24 (5వ రోజు)

మా వీధి చివర ఒక టీచరుగారు ఉంటారు, హైస్కూల్లో చేసి రిటైరయ్యారు. పొద్దున్నే వాళ్ళ డాబా మీద ఐదారుగురం చేరతాం. డబ్బు తీసుకోరు. ఇవాళ కాళ్ళు చాపి ముందుకి వంగే నా పశ్చిమోత్తానాసనం చూసి, "అమ్మా, నువ్వు వీపు వంచుతున్నావు, వంగాల్సింది తుంటి దగ్గర" అన్నారు. నిజమే, తల మోకాళ్ళకి ఆనించాలన్న తొందరలో వీపుని గుండ్రంగా చేసేస్తున్నాను, అది మిషను మీద రోజంతా చేసేదే. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని అంచు మీద కూర్చోబెట్టారు, మోకాళ్ళు కొద్దిగా వదులు చెయ్యమన్నారు. అంతే, కటి ఎముక ముందుకి తిరిగింది, నడుము మీద లాగుడు పోయి తొడల వెనక్కి వచ్చింది. వేళ్ళు ముందుకంటే దూరంగానే ఆగాయి, కానీ ఎక్కడ సాగాలో అక్కడ సాగుతోంది. గుడ్డని క్రాసులో, అంటే ఐమూలగా, పట్టుకుంటే సాగుతుంది, నిలువు పోగు మీద ఎంత లాగినా సాగదు. ఏ వైపు లాగుతున్నాం అన్నదే ముఖ్యమని ఈ చేతులకి ఎప్పుడో తెలుసు. ఒంటికీ అదేనని ఇవాళ తెలిసింది.

ఇంకోమాట కూడా చెప్పారు. కుదుపుతో వంగకూడదట. కండరాన్ని ఒక్కసారిగా లాగితే చిరిగిపోకుండా కాపాడుకోడానికి అది తిరిగి బిగుసుకుంటుంది. మెల్లగా వెళ్ళి ఐదారు ఊపిరులు ఆగితే ఆ బిగువు తగ్గుతుంది. మొదటి వారాల్లో వచ్చే వంపు చాలావరకు కండరం పొడుగు పెరగడం వల్ల కాదు, ఆ సాగుడుకి నరాలు భయపడటం మానెయ్యడం వల్ల. అందుకే రెండు మూడు రోజులు మానేస్తే మళ్ళీ బిగుసుకున్నట్టు ఉంటుందని అన్నారు.

జనవరి 27 (8వ రోజు)

ఇవాళ షాపులో సామాను కుట్టుకున్నాను. ఇది రాయడానికే ఎక్కువ సరదాగా ఉంది.

ముందు బోల్స్టరు, అంటే గుండ్రటి దిండు. పొడుగు 24 అంగుళాలు, అడ్డం 9. అంటే చుట్టుకొలత ఇరవై ఎనిమిదింపావు, కుట్టు మార్జిను రెండువైపులా అరంగుళం చొప్పున కలిపితే ఇరవై తొమ్మిదింపావు. రెండు చివర్లకీ 10 అంగుళాల గుండ్రాలు. పాత కర్టెను గుడ్డ ముదురుగా ఉంటుందని అదే వాడాను. లోపల దూది కాదు, కటింగులో మిగిలే ముక్కలే. ఏడాదిగా గోనె సంచిలో ఉన్నాయి. దూది అయితే నెలలోనే అణిగిపోతుంది, గుడ్డముక్కలు బరువుగా, గట్టిగా నిలుస్తాయి. కూరేటప్పుడు చివర్ల నుంచి మధ్యకి రావాలి, లేకపోతే మధ్యలో ఉండకట్టి చివర్లు వదులైపోతాయి. ఒక చివర గుండ్రానికి జిప్పు పెట్టాను, తరవాత సర్దుకోవచ్చని.

రెండోది బెల్టు. సంచులకి వేసే నూలు పట్టీ, ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఎనిమిది అడుగులు. ఒక చివర రెండు ఇనుప రింగులు పెట్టి నాలుగు వరసలు కుట్టాను. వంగినప్పుడు పాదాలకి తగిలించి పట్టుకుంటే వీపు గుండ్రంగా అవకుండా చెయ్యి అందుతుంది. పుణెలో బి.కె.ఎస్. అయ్యంగార్ గారు ఇటుకలూ తాళ్ళూ బెల్టులూ వాడకంలోకి తేబట్టే ఒళ్ళు వంగనివాళ్ళు, ముసలివాళ్ళు కూడా ఆసనంలో నిలబడగలుగుతున్నారని టీచరుగారు చెప్పారు. సామాను వాడటం చేతకానితనం అనుకునే దాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

టీచరుగారికి కూడా ఒక దిండు కుట్టి ఇచ్చాను.

ఫిబ్రవరి 4 (16వ రోజు), రథసప్తమి

జిల్లేడాకులతో తలంటు, చిక్కుడాకుల్లో పరమాన్నం, అన్నీ అయ్యాయి. పొద్దున ఒకచోట అందరూ కలిసి 108 సూర్యనమస్కారాలు చేస్తున్నారంటే వెళ్ళాను. ఇంట్లో రోజుకి ఆరు చేసేదాన్ని. అక్కడ మైకులో వేగంగా లెక్క చెబుతుంటే, చుట్టూ అందరూ చేస్తుంటే, ఆగాలనిపించలేదు. 54 దాకా చేశాను. సాయంత్రానికి కుడి మణికట్టు వాచింది. రేపు ముహూర్తాల జాకెట్లు ఆరు కటింగు ఉన్నాయి.

ఫిబ్రవరి 9 (21వ రోజు)

నాలుగు రోజులు చెయ్యి నేలకి ఆనించలేదు. పెద్ద కత్తెర పట్టుకోలేక రెండు జాకెట్లు వేరేవాళ్ళకి ఇచ్చి కుట్టించాను, కూలి నేనే ఇచ్చాను. ఇవాళ వాపు లేదు.

ఎవరైనా నాలాగే చేతుల మీద బతికేవాళ్ళు ఉంటే ఇది తప్పకుండా చదవండి. అరచేతులూ కాలివేళ్ళ మీద ఒళ్ళు పలకలా నిలిపే ఫలకాసనంలో గానీ, భుజంగాసనానికి దిగేటప్పుడు గానీ బరువంతా అరచేతి మడమ మీద పడితే మణికట్టు నలిగిపోతుంది. వేళ్ళు బాగా విడదీసి, చూపుడువేలి మొదలూ బొటనవేలి మొదలూ నేలకి నొక్కితే బరువు చెయ్యంతా పరుచుకుంటుంది. కిందకి దిగేటప్పుడు మోకాళ్ళు ముందు ఆనించండి, అది తప్పేమీ కాదు. నొప్పి ఉన్న రోజుల్లో అరచేతుల బదులు మోచేతులు ఆనించి చెయ్యొచ్చు. లెక్క పెంచడం కూడా వారానికి ఒకటి రెండు, అంతకంటే వద్దు.

సూర్యుడికి మొక్కడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. కానీ ఈ భంగిమల వరసని వ్యాయామంగా బడుల దాకా తీసుకెళ్ళింది 1920ల్లో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజు భవన్‌రావు పంత్ ప్రతినిధి అట. ఆయన కూడా రోజూ చెయ్యమన్నారు గానీ ఒక్కరోజులో ముగించమనలేదు కదా అన్నారు టీచరుగారు. "స్థిరసుఖమాసనం" అని పతంజలి సూత్రం, కదలకుండా సుఖంగా ఉండగలిగినదే ఆసనం. ఆ రోజు 54లో నాకు స్థిరమూ లేదు, సుఖమూ లేదు.

ఫిబ్రవరి 18 (30వ రోజు)

నెల కొలతలు. బరువు 71.1. నెలంతా రోజూ గంటసేపు చేస్తే మూడు వందల గ్రాములు. నడుము 37¼. మనసు చాలా కుంగింది, దాచుకోను.

తరవాత మా అమ్మాయి ముందుకి వంగే కొలత తీసింది. 9 నుంచి 5కి వచ్చింది. నాలుగు అంగుళాలు! జాకెట్టులో పావు అంగుళం తేడా వస్తేనే భుజం జారిపోతుంది, నాలుగు అంగుళాలంటే నాకు తెలుసు అదెంతో. వృక్షాసనం 18 సెకన్లు. పొద్దున మంచం మీంచి లేచేటప్పుడు నడుము పట్టుకుని లేవడం ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు.

ఫిబ్రవరి 19 (31వ రోజు)

మరి బరువెందుకు తగ్గలేదని రాత్రి కూర్చుని లెక్క వేశాం, నేనూ అమ్మాయీ. తను డిగ్రీ రెండో ఏడు, ఇలాంటివి బాగా చూస్తుంది. మామూలు ఆసనాలు గంటసేపు చేస్తే ఒక కిలో బరువుకి సుమారు రెండున్నర కేలరీలు ఖర్చవుతాయి. నాకు అది 178. కానీ ఊరికే కూర్చున్నా గంటకి 71 ఖర్చవుతాయి కాబట్టి, యోగా వల్ల అదనంగా పోయేది 107. సూర్యనమస్కారాలు ఆగకుండా చేస్తే కాస్త ఎక్కువ. అదే గంట వేగంగా నడిస్తే దానికి రెట్టింపుకి పైనే.

ఇటువైపు నా టీలు. షాపులో రోజుకి ఐదు టీలు, ఒక్కోదాన్లో రెండు చెంచాల పంచదార. చెంచాకి 20 కేలరీలు. అంటే 200. పొద్దున గంటసేపు చేసిందంతా సాయంత్రం లోపు పంచదారలోనే దాదాపు రెండింతలు తిరిగి వస్తోంది. ఇంకా పాలు లెక్కపెట్టలేదు, టీతోపాటు తినే జంతికలు లెక్కపెట్టలేదు.

ఇది చూశాక నాకు కోపం రాలేదు, తేలిక అనిపించింది. యోగా చేస్తే నెలకి పది కిలోలు తగ్గుతారని చెప్పేవాళ్ళు ఆడవాళ్ళ మనసు విరిచేస్తున్నారు. తగ్గకపోయేసరికి తామే సరిగ్గా చెయ్యలేదనుకుని మొత్తం మానేస్తారు, దాంతో నడుముకీ నిద్రకీ వస్తున్న మేలు కూడా పోతుంది. యోగాని అది చేసే పనికి చెయ్యాలి. బరువు పని చాలావరకు వంటింట్లో తేలాలి.

ఇవాళ్టి నుంచి మూడు టీలు, అర చెంచా పంచదార. రాత్రి ఎనిమిదింటికే భోజనం, అన్నం ముందు వేసుకునేదాంట్లో సగం, కూర రెట్టింపు, పప్పు తప్పనిసరి. సాయంత్రం షాపు కట్టేముందు అరగంట గోదావరి గట్టు మీద వేగంగా నడక.

ఫిబ్రవరి 26 (38వ రోజు), శివరాత్రి

పుష్కరాల రేవు దగ్గర చాలా రద్దీ. ఉపవాసం కాబట్టి ఇవాళ సూర్యనమస్కారాలు లేవు. మార్జాలాసనం, సేతుబంధాసనం, పావుగంట ఊపిరి మీద ధ్యాస. చాలు.

మార్చి 10 (50వ రోజు)

బరువు 69.8. నడుము 36½. ముందుకి వంపు 3½.

పంచదార తగ్గించడం నాకు ఇంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆలోచిస్తున్నాను. ఇంతకుముందు మూడుసార్లు ప్రయత్నించి వారంలో వదిలేశాను. తేడా నిద్రలో ఉందనుకుంటున్నాను. రాత్రి పదింటికి పదినిమిషాలు దిండు మోకాళ్ళ కింద పెట్టుకుని శవాసనం వేస్తున్నాను, నాలుగు లెక్కల్లో ఊపిరి తీసుకుని ఎనిమిది లెక్కల్లో వదులుతాను. ఊపిరి వదిలేటప్పుడు గుండె సహజంగానే కొంచెం నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడిగిస్తే ఒళ్ళు దిగుతుంది. నాడి పట్టుకుని చూశాను, పడుకునేముందు 84, పదినిమిషాల తరవాత 70. ఇంతకుముందు పన్నెండింటిదాకా జాకెట్లు టైముకి ఇవ్వాలన్న టెన్షన్‌తో దొర్లుతూ, లేచి ఏదో ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. ఇప్పుడు పదిన్నరకల్లా నిద్ర. మధ్యాహ్నం మూడింటికి టీ కోసం వచ్చే ఆ నీరసం కూడా తగ్గింది. కేలరీల లెక్కలో 107 అని కనిపించే యోగా, నా విషయంలో ఇలా వెనకదారిన కూడా పనిచేసింది.

మార్చి 17 (57వ రోజు)

షాపుకి వచ్చే ఒకావిడ, "అక్కా, యోగా చేస్తున్నావుగా, థైరాయిడ్ మాత్ర మానేశావా?" అని అడిగింది. మానలేదు, మానను కూడా. సర్వాంగాసనంతో థైరాయిడ్ పోతుందని చెప్పుకుంటారు గానీ డాక్టరుగారు రక్తపరీక్ష చూసి మార్చేదాకా మాత్ర మాత్రే. పొద్దున ఐదుంబావుకి మాత్ర మంచినీళ్ళతో వేసుకుంటాను, దాని తరవాత కనీసం అరగంట ఏమీ తినకూడదు, ఆ ఖాళీలోనే యోగా అయిపోతుంది. రెండూ బాగా కుదిరాయి.

ఆవిడకి బీపీ ఉంది. ఊపిరిని విసురుగా బయటికి వదిలే కపాలభాతి చేస్తానంది. వద్దని చెప్పాను. బీపీ ఎక్కువ ఉన్నవాళ్ళు, గర్భిణులు దాని జోలికి వెళ్ళకూడదు. కంట్లో ఒత్తిడి జబ్బు, అదే గ్లకోమా, ఉన్నవాళ్ళు తల కిందకి ఉండే ఆసనాలు వెయ్యకూడదు. షుగరుకి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్ళు పరగడుపున చేస్తే కళ్ళు తిరగొచ్చు, ముందే డాక్టరుని అడగాలి. నాకు తెలిసినంతవరకే చెప్పి, టీచరుగారి దగ్గరికి పంపాను.

మార్చి 30 (70వ రోజు), ఉగాది

బరువు 69.0. పచ్చడి, పులిహోర, బొబ్బట్లు అన్నీ తిన్నాను. పండగ పండగే. రెండు బొబ్బట్లతో ఆపాను, సాయంత్రం నడకకి నలుగురం వెళ్ళాం.

ఏప్రిల్ 8 (79వ రోజు)

ఎండలు ముదిరాయి. ఆరున్నర దాటితే డాబా మీద ఉండలేం, ఐదున్నరకే మొదలుపెడుతున్నాం. వేగంగా చేసేవి తగ్గించాం. నీళ్ళు ముందు అర గ్లాసు, తరవాత ఉప్పేసిన మజ్జిగ.

షాపులో ఒక మార్పు చేశాను, ఇది ముందే చెయ్యాల్సింది. మిషను బల్ల కింద నాలుగు చెక్కదిమ్మలు పెట్టి రెండంగుళాలు ఎత్తు పెంచాను. మిషనులో కింది దారం చుట్టే బాబిన్ అయిపోయిన ప్రతిసారీ లేచి నిలబడి గోడకి వీపు ఆనించి చేతులు పైకెత్తి ఐదు ఊపిరులు. విడిగా టైము పెట్టుకుంటే మర్చిపోతాను, బాబిన్ అయితే తప్పదు. రోజుకి పన్నెండు పదిహేనుసార్లు అవుతోంది. పొద్దున గంట చేసి మిగతా పది గంటలు ఒళ్ళు ముడుచుకుని కూర్చుంటే ఆ గంట ఏ మూలకి సరిపోతుంది?

ఏప్రిల్ 29 (100వ రోజు)

మా అమ్మాయి తెల్లారకుండానే టేపు తీసుకుని వచ్చేసింది.

బరువు 67.6. మొత్తం 3.8 కిలోలు, అందులో మూడున్నర చివరి డెబ్భై రోజుల్లోనే. ఒక కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, కాబట్టి రోజుకి ఒక 385 చొప్పున తగ్గించామని తను వెంటనే లెక్క చెప్పింది. బీఎంఐ 28.1. ఇంకా ఎక్కువే, తెలుసు. నడుము 35¼.

ముందుకి వంపు అర అంగుళం. తొమ్మిది నుంచి అర. వేళ్ళు దాదాపు అందుతున్నాయి, వీపు గుండ్రంగా చెయ్యకుండా. వృక్షాసనం ఎడమకాలి మీద 42 సెకన్లు. అది చూసి టీచరుగారు గట్టిగా పట్టుకున్నారు నన్ను. ఈ వయసు నుంచి పడకుండా నిలబడటమే పెద్ద విషయమమ్మా, తుంటి ఎముక విరిగినవాళ్ళని చూశాను అన్నారు.

చేతులు మాత్రం అనుకున్నంత రాలేదు. వీపు వెనక కుడి పైన 7 నుంచి 4½, ఎడమ పైన 9 నుంచి 7½. భుజాలు ఇరవై రెండేళ్ళు ముందుకి వంగి పనిచేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి, వాటికి ఇంకా సమయం కావాలి.

సాయంత్రం నా జాకెట్లు నాలుగు తీసి రెండువైపులా కుట్లు విప్పి అరంగుళం చొప్పున లోపలికి వేశాను. మార్జిను కొయ్యలేదు.

జూన్ 21

ఇవాళ అంతర్జాతీయ యోగా దినం. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి తీర్మానం చేశాక 2015 నుంచి జరుగుతోంది, ఈసారి విశాఖ బీచ్‌లో ప్రధాని వచ్చి, భీమిలి వైపు దాకా లక్షలమంది చేశారు. మేం డాబా మీదే చేశాం, పదకొండుమందిమి అయ్యాం. అందులో నలుగురు నా దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు. ఒకరి అత్తగారికి 70 దాటాయి, కుర్చీలో కూర్చునే చేశారు, చేతులూ మెడా చీలమండలూ. ఆవిడకి చిన్న దిండు ఒకటి కుడుతున్నాను, 16 అంగుళాల పొడుగు, వీపు వెనక పెట్టుకోడానికి.

కొలతల పుస్తకంలో నా పేజీ నిండింది, పక్క పేజీ తీశాను. పైన "భుజాలు" అని రాసి తేదీ వేశాను. కుడి పైన 3¾, ఎడమ పైన 6¾.